తమ్ముడి స్కూటరు, అక్క నడికట్టు

కోడూరు,
25-6-78

ఒరేయ్ గంగాధరం,

నువ్వూ, మా ఝాన్సీ, మీ ఇంట్లో ఉన్న నా కూతురూ చల్లగా ఉండాలని అక్క లక్ష్మీకాంతం రాస్తున్నది.

మీ బావ పిల్లని మీ దగ్గర దింపి వచ్చిన రోజున కాళ్లయినా కడుక్కోకుండా, "గంగాధరం స్కూటరు కొన్నాడే! పేరు రాయించుకున్న ఇన్నేళ్లకి వచ్చింది. లేత నీలం రంగు. మొహం చూసుకోవచ్చు" అని మొదలుపెట్టారు. అది కాదండీ, కుమారి ఏడ్చిందా అని అడిగాను. "ఏడుపా? ముందు నిలబడి హారన్ కొట్టుకుంటూ గుడివాడంతా తిరిగింది" అన్నారు. ఆయనకి అదో మురిపెం. నాకు మాత్రం ఆ పూట అన్నం సహించలేదు.

చదువుకోమని పంపానా, సర్కస్‌లో చేరమని పంపానా? ఇక్కడ బడి కప్పు ఉప్పెనలో ఎగిరిపోయి ఇంతవరకూ వెయ్యలేదు. గాలి కాస్త హోరెత్తితే పిల్ల మంచం కింద దూరుతోంది. గుడివాడలో అయితే సముద్రం చప్పుడు ఉండదని గుండె రాయి చేసుకుని పంపాను. నువ్వేమో దాన్ని హ్యాండిల్ ముందు నిలబెట్టావు. ఎదురుగా గేదె వచ్చి బ్రేకు వేశావనుకో, ముందు తగిలేది దాని మొహమే కదరా! ఊళ్లో అందరూ అలాగే నిలబెట్టుకుంటారని చెప్పకు. అందరికీ ఇద్దరు ముగ్గురు ఉన్నారు.

అందుకని ఏం చేశానో విను. మర్నాడే బస్సెక్కి బందరు వెళ్లి, మాణిక్యమ్మ పిన్నిని వెంటబెట్టుకుని పెడన వెళ్లాను. మగ్గాల వాళ్లింట్లో ఏనుగుని కట్టినా తెగని బట్ట చూసి, జానెడు వెడల్పున, తలపాగా అంత పొడవున ఒక నడికట్టు చేయించాను. పసుపు రంగు, ఎర్ర అంచు. మా ఊరి భూషణం గారు ఎరువుల పని మీద గుడివాడ వస్తుంటే ఆయన చేతికిచ్చి పంపుతున్నాను. కుమారిని నీ వెనక కూర్చోబెట్టుకుని, ఇద్దరికీ కలిపి రెండు చుట్లు చుట్టి, నీ పొట్ట మీద ముడి వేసుకో. ఆ ముడి పడకుండా స్కూటరు కదలడానికి వీల్లేదు.

నవ్వుతావని తెలుసు. నవ్వు. కానీ కిందటి కార్తీకంలో ఆ రోజు నువ్వు ఇక్కడ లేవు. నీళ్లు చూరు దాటుతుంటే మీ బావ కుమారిని తాడిచెట్టు మీదికి ఎక్కించి నా చీరతో మానుకి కట్టేశారు. నేను పక్క చెట్టుని కరుచుకున్నాను, చిన్నవాడు నా చంకలో. తెల్లారేసరికి చీరతో కట్టిన పిల్ల ఉంది. నా చేతుల్లో ఉన్నవాడు లేడు. ముడి వేసింది దక్కింది, చేత్తో పట్టుకున్నది పోయింది. ఇక చేతుల మాట నా దగ్గర ఎత్తకు.

వెంటనే జవాబు రాయి.

మీ అక్క,
లక్ష్మీకాంతం

*

గుడివాడ,
4-7-78

అక్కా,

నీ ఉత్తరం, నీ నడికట్టు, నీ కోపం మూడూ భద్రంగా చేరాయి. భూషణం గారు నడికట్టు అరుగు మీద పెట్టి, "ఇదేంటండీ గంగాధరరావు గారూ, ఎద్దులు గానీ కొన్నారా?" అని అడిగారు. నిజం చెబితే మూడూళ్లకి పాకుతుందని, పూజకండీ అన్నాను. పసుపు రంగు కదా, నమ్మేశారు.

నువ్వు చెప్పినట్టే కడుతున్నాను. ముందు నిలబెట్టడం ఆ రోజుతో సరి. పొద్దున్నే నేను మిల్లుకి వెళ్లే దారిలో, రైలుగేటు అవతల బడి దగ్గర దాన్ని దింపాలి. బయలుదేరే ముందు ఝాన్సీ మా ఇద్దరినీ కలిపి చుడుతుంది. మా వీధి పిల్లలందరూ ఆ వేళకి వచ్చి నిలబడుతున్నారు. ఎదురింటి పోతురాజు మేష్టారు నిన్న, "ఏమయ్యా, మేనకోడలు పారిపోతుందనా, నువ్వు పారిపోతావనా?" అన్నారు. నవ్వి ఊరుకున్నాను. ఎవరు నవ్వితే నాకేం? అక్క ఏడవకుండా ఉంటే చాలు.

నీకు ఇంకో మంచి మాట. మొన్న గాలివాన వచ్చింది. రేకులు టపటపలాడాయి. కుమారి మంచం కింద దూరలేదు. ఝాన్సీ ఒళ్లో తల పెట్టుకుని, "అత్తయ్యా, ఇక్కడ సముద్రం ఎంత దూరం?" అని మాత్రం అడిగింది. చాలా దూరం అంటే నిద్రపోయింది. ఝాన్సీ కళ్లు తుడుచుకుంది, నేనూ తుడుచుకున్నాను.

కింద నీ కూతురు రాసింది చూడు. తప్పులు నేను దిద్దలేదు, దిద్దితే ఊరుకోదు.

నీ తమ్ముడు,
గంగాధరం

అమ్మా, నేను బాగున్నాను. అత్తయ్య జడ గట్టిగా వేస్తుంది. నేను మావయ్య వీపుకి అతుక్కుని బడికి వెళ్తాను. నాకు రోడ్డు కనపడదు, మావయ్య చొక్కా కనపడుతుంది. నాన్నకి చెప్పు. రాజకుమారి, మూడో తరగతి.

*

కోడూరు,
13-8-78

నాయనా గంగాధరం,

నీ ఉత్తరం మీ బావ చేత రెండు సార్లు చదివించుకున్నాను, నేనొకసారి చదువుకున్నాను. మంచం కింద దూరలేదన్న చోట మాత్రం ఎన్ని సార్లు చదివానో లెక్క లేదు. నీ కడుపు చల్లగా ఉండాలి, మా ఝాన్సీ పసుపు కుంకుమలతో నూరేళ్లు ఉండాలి. ఇన్నాళ్లకి నిన్న మొదటిసారి నాట్ల దగ్గర అందరితో కలిసి పాట అందుకున్నాను. కూలివాళ్లు వింతగా చూశారు. చూస్తే చూశారు.

ఉప్పు తేలిన చేలో ఈసారి ఏం పండుతుందో తెలీదు గానీ, నారు మాత్రం పచ్చగా లేచింది. కొత్త ఇంటికి గోడలు లేచాయి. ఉప్పెన సాయం కింద ఒక చూడి ఆవుని కూడా ఇచ్చారు, బక్కది, పొగరుబోతుది. నేను కసిరితే వినదు, మీ బావ చెబితే వింటుంది.

అసలు సంగతి. ముడి ఎలా వేస్తున్నారో నువ్వు రాయలేదు. ఆడవాళ్లు మూటకి వేసే ముడి అయితే లాభం లేదు, అది కదిలేకొద్దీ వదులవుతుంది. హంసలదీవిలో చేపలు పట్టే పల్లెవాళ్లు పడవని కట్టేసే ముడి ఉంది చూడు, లాగేకొద్దీ బిగుసుకుంటుంది, ఎంత పోటు వచ్చినా ఊడదు. మీ బావ దాని బొమ్మ గీసి ఇందులో పెట్టారు. ఝాన్సీకి చూపించి అదే వెయ్యమను. ఒకటి కాదు, రెండు వెయ్యమను. కుమారికి చేతులు ఊరుకోవు, విప్పేస్తుంది.

గోంగూర పచ్చడి జాడీ బందరులో పిన్ని దగ్గర ఉంచాను. వీలైనప్పుడు వెళ్లి తెచ్చుకో.

మీ అక్క,
లక్ష్మీకాంతం

*

గుడివాడ,
20-9-78

అక్కా,

ఉత్తరం ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. మిల్లులో పని ఎక్కువగా ఉంది. ఇక్కడ వానలు బాగానే ఉన్నాయి. పెరట్లో మునగచెట్టు విరగకాసింది. ఝాన్సీ రోజూ మునక్కాడ పులుసే పెడుతోంది, నాకు మొహం మొత్తింది. పోతురాజు మేష్టారి అమ్మాయికి సంబంధం కుదిరింది. వరుడు రైల్వేలోనట.

బందరు వెళ్లి పచ్చడి జాడీ తెచ్చుకున్నాను. పిన్ని కులాసాగా ఉంది. జాడీ పగిలింది గానీ అది పెద్ద విషయం కాదు.

కుమారి చక్కగా చదువుతోంది. క్లాసులో లెక్కల్లో ఫస్టు. ఎక్కాలన్నీ గడగడా అప్పజెబుతోంది. కాళ్లూ చేతులూ అన్నీ బాగున్నాయి. బావగారికి నా నమస్కారాలు. ఆవు ఈనిందా?

నీ తమ్ముడు,
గంగాధరం

*

కోడూరు,
8-10-78

గంగాధరం,

నేను నిన్ను ఎత్తుకుని పెంచాను. నువ్వు ఎప్పుడు దొంగ చూపులు చూస్తావో నాకు తెలుసు. ఉత్తరంలో కూడా తెలుస్తుంది. కాళ్లూ చేతులూ బాగున్నాయని ఎవడు రాస్తాడురా? ఏమీ జరగనివాడు రాయడు. పడవముడి గురించి అడిగితే మునక్కాడ పులుసు గురించి రాశావు. జాడీ పగిలింది అన్నావు. ఎలా పగిలిందో రాయలేదు.

అయినా నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానేమోనని ఊరుకున్నాను. నిన్న భూషణం గారు గుడివాడ నుంచి వచ్చారు. "లక్ష్మీకాంతమ్మ గారూ, మీ అమ్మాయిని చూశానండీ. స్కూటరు మీద మధ్యలో కూర్చుని గొంతు చించుకుని ఎక్కాలు చదువుతోంది. వెనక మీ మరదలు గారు, ముందు మీ తమ్ముడు గారు. ఏమి హుషారండీ!" అన్నారు. నడికట్టు ఉందా అని అడిగాను. "ఏ నడికట్టండీ? పూజ కోసం అన్నారు, అదా?" అన్నారు.

లోపలికి వచ్చి కూర్చున్నాను.

ఒక్క పిల్లని మిగుల్చుకున్నాను. ఆ ఒక్కదాన్నీ నీ చేతిలో పెట్టి ఒక్కటే అడిగాను. వీధివాళ్లు నవ్వారని మానేశావా? ఇంకేమైనా జరిగిందా? ఏదైనా సరే, నాకు ఇక నీ మాట అక్కర్లేదు. దసరా వెళ్లగానే వచ్చి పిల్లని తెచ్చేసుకుంటున్నాను. బడి లేకపోతే లేకపోయింది. మంచం కింద దూరితే దూరింది, నా మంచం కిందే కదా.

లక్ష్మీకాంతం

*

గుడివాడ,
14-10-78

అక్కా,

నువ్వు బయలుదేరే లోపల ఈ ఉత్తరం నీకు అందాలి. అన్నిటికంటే ముందు ఈ మాట చదువు. కుమారి బాగుంది. నేనిది రాస్తుంటే వెనక వాళ్ల అత్తయ్యతో అష్టాచెమ్మా ఆడుతోంది. గవ్వలు తిప్పేస్తూ దొరికిపోయి, మళ్లీ దబాయిస్తోంది. ఆ గోల నీకు వినపడుతోందనుకుని మిగతాది చదువు.

పచ్చడి జాడీ కోసం బందరు వెళ్లిన రోజున కుమారిని కూడా తీసుకెళ్లాను. పిన్ని చూడాలని కబురు చేసింది. ఝాన్సీ రాలేదు. తిరిగి వచ్చేటప్పుడు పిన్ని చేతే కట్టించుకున్నాను, నువ్వు పంపిన బొమ్మ చూసి, పడవముడి, రెండు. రెండు చుట్లు చుట్టినా కొసలు మిగిలాయి. వాటిని పక్కకి దోపాను. పెడన దగ్గరికి వచ్చేసరికి ఎదురుగాలి. ఆ గాలికి ఒక కొస ఊడి, వెనక చక్రం మీదికి జారింది. నాకు తెలియలేదు. తెలిసేసరికి కట్టు చక్రానికి చుట్టుకుపోతోంది.

ఎవరో నన్ను నడుం పట్టుకుని వెనక్కి గుంజినట్టయింది. బ్రేకు వేశాను. మెల్లగానే వెళ్తున్నాను కాబట్టి సరిపోయింది. స్కూటరు కాలవ గట్టు పక్కకి ఒరిగి పడిపోయింది. మేమిద్దరం దానికే కట్టేసి ఉన్నాం. పిల్ల నా కింద. లేవబోతే లేవలేను, పక్కకి దొర్లలేను. విప్పుదామంటే ముడి ఇనుములా బిగుసుకుపోయింది. లాగేకొద్దీ బిగుసుకునే ముడి కదక్కా. కుమారీ, కుమారీ అని పిలుస్తున్నాను. పలకలేదు. ఏడవనైనా ఏడవలేదు. నా వీపు వెనక ఉందని తెలుసు, బతికుందో లేదో తెలియదు. తల తిప్పి చూడడానికి లేదు. ఆ కాసేపూ నేను ఏమయ్యానో నీకు ఎలా రాయను?

గట్టు పక్కనే అద్దకం బట్టలు ఆరేస్తున్నారు. అక్కడి నుంచి ఒకావిడ కత్తెర పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ఖాసింబీ అని ఆవిడ పేరు. "కదలొద్దు, కదిలేకొద్దీ పిల్లకి బిగుస్తంది!" అని అరిచి, నా డొక్క పక్క నుంచి కత్తెర దూర్చి, కటకటా కోసేసింది. కట్టు వదిలింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత నీ కూతురు ఊపిరి ఎగబీల్చి, ఊరంతా వినపడేలా ఏడుపు అందుకుంది. అంత మంచి చప్పుడు నేను పుట్టాక వినలేదు. నేను కూడా గట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఖాసింబీ గారు పిల్లని ఒళ్లో వేసుకుని, నీళ్లు తాగించి, "ఊరుకోండయ్యా, పిల్ల ఊరుకుంది, మీరేంటి?" అని నన్ను కసిరింది. పచ్చడంతా రోడ్డు మీద ఉంది. ఏడుపు ఆపిన కుమారి మొట్టమొదట అన్న మాట, "అయ్యో, అమ్మ గోంగూర!"

ఆ సాయంత్రమే గుడివాడలో డాక్టరుకి చూపించాను. నడుం చుట్టూ కమిలింది, అంతే, లోపల ఏమీ లేదు, వారంలో పోతుంది అన్నారు. పోయింది కూడా. మోకాలి మీద చిన్న మచ్చ మిగిలింది. మొన్న ఇంకో డాక్టరుకి కూడా చూపించాను, నా తృప్తి కోసం. ఆయనా అదే మాట అన్నారు.

ఇదంతా నీకు ఎందుకు రాయలేదో చెబుతాను. తిడతావని కాదు. నీ తిట్లు నాకు కొత్తా? ముడి వేసింది దక్కింది అని నువ్వు రాశావు. నీకు ఆ ఒక్క ధైర్యమే మిగిలింది. అది కూడా తప్పు అని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. చెట్టు కదలదు కాబట్టి అక్కడ ముడి కాపాడింది. స్కూటరు కదులుతుంది, పడుతుంది. పడే దానికి పిల్లని కట్టకూడదక్కా.

ఇప్పుడు ఎలా వెళ్తున్నామో విను. కుమారి మధ్యలో కూర్చుంటుంది, ఝాన్సీ వెనక కూర్చుని రెండు చేతులా దాన్ని పట్టుకుంటుంది. బడి దగ్గర ఇద్దరూ దిగిపోతారు, ఝాన్సీ బజారులో కూరలు కొనుక్కుని నడిచి ఇంటికొస్తుంది. చీర కొంగు నడుముకి గట్టిగా దోపుకున్నాకే బండి కదులుతుంది. వేలాడేది ఏదీ ఉండకూడదు, కొంగు గానీ, జడ రిబ్బను గానీ, సంచీ తాడు గానీ. ఎడ్లబండి వాడు కూడా మమ్మల్ని దాటి వెళ్తున్నాడు. వెళ్లనీ.

ఎక్కాలు నా కోసం. ఆ రోజు వెనక నుంచి దాని గొంతు వినపడలేదు చూడు, ఆ నిశ్శబ్దం నాకు ఇంకా చెవుల్లోంచి పోలేదు. అందుకని బండి ఎక్కినప్పటి నుంచి దిగేదాకా అది ఎక్కాలు చెబుతూనే ఉండాలి. గొంతు ఆగితే బండి ఆగుతుంది. మొదట్లో రెండో ఎక్కంతో మొదలుపెట్టాం, ఇప్పుడు పన్నెండుకి వచ్చింది. లెక్కల్లో ఫస్టు అలా వచ్చింది.

కోసేసిన నడికట్టు ముక్కలు పంపుతున్నాను. పారెయ్యడానికి మనసు రాలేదు. నువ్వు వచ్చి పిల్లని తీసుకెళ్తానంటే నేను అడ్డు చెప్పను. కానీ మా ఇల్లు చిన్నబోతుంది.

నీ తమ్ముడు,
గంగాధరం

*

కోడూరు,
12-11-78

నాయనా,

ఇన్నాళ్లూ జవాబు రాయలేదని కంగారు పడి ఉంటావు. రాయడానికి కూర్చున్నప్పుడల్లా కళ్లలో నీళ్లు తిరిగి అక్షరం కనపడేది కాదు. దసరా వెళ్లాక రాకపోవడం కోపంతో కాదు. నీకు మొహం చూపించలేక.

మొదట నిన్ను తిట్టాను, పెద్దగా, ఆవు కూడా బెదిరింది. తర్వాత నన్ను నేను తిట్టుకున్నాను. ఏనుగుని కట్టే బట్ట, పడవని కట్టే ముడి, ఒకటి కాదు రెండు! ఏడేళ్ల పిల్ల నడుముకి! బొమ్మ గీయించి మరీ పంపాను. ఆ ఖాసింబీ గారు ఏ తల్లి కన్న బిడ్డో గానీ, ఆవిడ చేతిలో కత్తెర లేకపోతే అని ఆలోచన వచ్చిందంటే చాలు, లేచి వెళ్లి ఏదో ఒక పని చేసుకుంటున్నాను. తర్వాత మళ్లీ నీ ఉత్తరం తీసి, "అమ్మ గోంగూర" అన్న చోట చదువుకుని నవ్వుకుంటున్నాను.

అయితే ఒక్కటి అడుగుతాను, కోపంగా కాదు. ముడి కూడా పోతే నేను దేన్ని నమ్ముకోవాలి? ఝాన్సీ చేతులతో పట్టుకుంటోందన్నావు. చేతుల సంగతి నాకు తెలుసు కదరా అని మీ బావతో అన్నాను. నీ ఉత్తరం ఆయన చేతిలోనే ఉంది. దాన్ని మడిచి పక్కన పెట్టారు. తర్వాత ఆయన అన్న మాట నీకు రాస్తాను. ఇంకెవరికీ చెప్పలేదు.

"కాంతం, నువ్వు వాణ్ణి వదల్లేదు" అన్నారు. "తెల్లారి నిన్ను చెట్టు మీంచి దింపినప్పుడు నీకు తెలివి లేదు. నీ పిడికిట్లో వాడి చొక్కా ఉంది. వేళ్లు విడదియ్యడానికి నేనూ, పక్కింటాయనా ఇద్దరం పట్టాల్సి వచ్చింది. చూస్తే తట్టుకోలేవని నేనే దాచాను. చొక్కా చిరిగి వాడు వెళ్లిపోయాడు. నువ్వు వదల్లేదు."

ఏడాది నుంచీ ఈ మనిషి ఆ మాట కడుపులో పెట్టుకుని తిరుగుతున్నారు. నేనేమో నా చేతులు చూసుకుని నా మీద నేనే ఉమ్మేసుకుంటున్నాను. ఆయన్ని తిట్టాలో, కాళ్లకి దణ్ణం పెట్టాలో తెలియలేదు. ఇద్దరం కూర్చుని, సుబ్బారాయుడా, నాయనా, సుబ్బారాయుడా అని వాడి పేరు పెట్టి ఏడ్చాం. వాడి పేరు నా నోట వచ్చి ఏడాదయింది. ఏడ్చాక ఆకలి వేసింది. అన్నం తిన్నాం.

పిల్లని బడి మాన్పించను. దానికి సెలవులు ఇచ్చినప్పుడు నేను వస్తాను, పది రోజులు మా దగ్గర ఉంచుకుని మళ్లీ తెచ్చి దింపుతాను. నేను మాత్రం బస్సులోనే వస్తాను, బస్సులోనే వెళ్తాను. నీ స్కూటరు నీ దగ్గరే ఉంచుకో.

ఆవు ఈనింది. పెయ్యదూడ. తల్లి పొగరంతా వచ్చింది.

మీ అక్క,
లక్ష్మీకాంతం

*

గుడివాడ,
21-11-78

అక్కా,

నీ ఉత్తరం ఝాన్సీ, నేను కలిసి చదివాం. నా ఉత్తరానికి జవాబు రాయక్కర్లేదు, వచ్చెయ్యి. కుమారి నువ్వు వస్తున్నావని బడిలో అందరికీ చెప్పుకుంది. పదమూడో ఎక్కం నీకు అప్పజెబుతుందట. నాకు రాదు, నీకు వచ్చా?

బస్సు స్టాండుకి నడిచే వస్తాను. ఒట్టు.

గంగాధరం

*

బందరు,
27-12-78

నా తండ్రీ గంగాధరం,

నువ్వు నిన్న మమ్మల్ని పిన్ని ఇంట్లో దింపి, కాఫీ తాగి, చీకటి పడకముందే గుడివాడ చేరాలని తొందరగా వెళ్లిపోయావు. క్షేమంగా చేరావని నమ్ముతున్నాను. మేం రేపు పొద్దున బస్సుకి అవనిగడ్డ మీదుగా ఇంటికి వెళ్తాం. నీకు నోటితో చెప్పలేనివి కొన్ని ఉన్నాయి. నువ్వు ముందు కూర్చుని బండి నడుపుతున్నావు, నీకు వెనక కళ్లు లేవు. వెనక ఏం జరిగిందో నీకు తెలియాలని రాస్తున్నాను.

నేను స్కూటరు ఎక్కింది గుడివాడ బస్సు స్టాండు దాకానే అనుకుని. సామాను ఉంది, పిల్ల నడవనంటోంది, ఝాన్సీ కూడా పోనివ్వండి వదినా అంది, సరేనన్నాను. నాట్లకి వెళ్లేటప్పటిలా కొంగు నడుముకి దోపుకున్నాను. నువ్వు వెనక్కి తిరిగి, "దోపుకున్నావా, వేలాడేది ఏమైనా ఉందా" అని మూడు సార్లు అడిగావు. నాకు నవ్వు వచ్చింది గానీ భయంతో నవ్వలేదు. ఊళ్లో అంతసేపూ కళ్లు మూసుకునే ఉన్నాను. చేతులు కుమారి నడుం చుట్టూ వేశాను. వేశాను గానీ నమ్మలేదు. జారిపోతుంది, ఇప్పుడు జారిపోతుంది అనుకుంటూనే ఉన్నాను.

అది మాత్రం రెండో ఎక్కం మొదలుపెట్టింది. దాని గొంతు దాని వీపులోంచి నా ఛాతీలోకి వినపడుతోంది. రెండు ఒకట్లు రెండు, రెండు రెళ్లు నాలుగు. ఊపిరి పీల్చినప్పుడల్లా పొట్ట నా చేతుల కింద ఉబ్బుతోంది, తగ్గుతోంది. మెల్లగా నేను కూడా దానితో పాటు చెప్పడం మొదలుపెట్టాను. బస్సు స్టాండు వచ్చింది, నువ్వు ఆపబోయావు. "పోనీరా, బందరు దాకా పోనీ" అన్నాను. నేనేనా అన్నది అని నాకే అనుమానం వచ్చింది. నీకూ వచ్చినట్టుంది, వెనక్కి తిరిగి నన్ను చూసి గానీ బండి కదిలించలేదు.

పదమూడో ఎక్కంలో పదమూడు ఏళ్లు దగ్గర నువ్వు కూడా తప్పు చెప్పావు. పిల్ల నిన్ను దిద్దింది. అది నవ్వుతుంటే నా చేతులు కూడా అదిరాయి.

పెడనలో ఖాసింబీ గారి ఇంటి ముందు ఆగినప్పుడు ఆవిడా నేనూ లోపలికి వెళ్లి ఏం మాట్లాడుకున్నామని అడిగావు కదా. ఏమీ మాట్లాడుకోలేదు. ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కళ్లకి అద్దుకున్నాను. "అయ్యో, ఇదేంటమ్మా, రంగు అంటుకుంటది" అని వెనక్కి లాక్కుంది. నా మొహానికి ఎర్రరంగు అంటింది. ఆవిడ కూతురు బషీరా తడిగుడ్డ తెచ్చి తుడిచినా కాస్త మిగిలింది. నువ్వు బయట కుంకుమ అనుకున్నావు.

నడికట్టు ముక్కలు ఏం చేశావని అడిగావు, చెప్పడం మరిచాను. పెద్ద ముక్కతో దూడని కట్టేస్తున్నాను. మూటకి వేసే మామూలు ముడే. లాక్కుంటే ఊడిపోతుంది. ఊడదీసుకుని తల్లి దగ్గరికి వెళ్లిపోతుంది, పోనీలే అని ఊరుకుంటున్నాను.

ఇంకొక్కటి, ఇది రాయడానికే ఇంత కాగితం తీసుకున్నాను. పిన్ని అరుగు ముందు బండి ఆగింది. నువ్వు ఇంజను ఆపేసి, కాళ్లు కింద ఆనించి, దిగండి అన్నావు. పిన్ని ఎదురొచ్చి సంచీ అందుకుంది. నేను ఎందుకు దిగడం లేదని నువ్వు అనుకుని ఉంటావు. కాలు పట్టేసిందని చెప్పాను, అబద్ధం.

కుమారి వెనక్కి తిరిగి నా మొహంలోకి చూసి, "అమ్మా, వచ్చేశాం. ఇంక వదులు, నేను దిగాలి" అంది.

అప్పుడు చూసుకున్నాను. గుడివాడలో పట్టుకున్న పట్టు పట్టుకున్నట్టే ఉంది, వేలు కూడా కదల్లేదు. వెంటనే వదలబుద్ధి కాలేదు. ఇంకాసేపు పట్టుకుని, నేనే వదిలాను.

మీ అక్క,
లక్ష్మీకాంతం